పెరటి కొట్టమునకు విద్యుత్తు

ఇంటికి విద్యుత్తు వచ్చిన పిమ్మట పెరటి కొట్టమునకు గూడ దీపమును, నీటిమోటారును అమర్చుకొనుట సహజమే. తెలంగాణ సరిహద్దున నున్న తర్లగూడ వంటి పల్లెలలో వానకాలమున మట్టినేల తడిసియుండును; మనుష్యులు వట్టికాళ్లతో తిరుగుదురు. తడినేలపై నిలిచిన దేహము విద్యుత్తునకు సులభమైన దారి.

కొట్టము కడ ఇనుపకడ్డీ యొకటి పాతినచో చాలునని పలువురి నమ్మకము. ఇది సరికాదు. లెక్క చూడుడు: కడ్డీ నుండి నేల మీదుగా ట్రాన్స్‌ఫార్మరు వరకు గల దారి నిరోధము 50 ఓములైనచో, 230 వోల్టుల వద్ద పారునది 4.6 ఆంపియర్లే. 5 ఆంపియర్ల ఫ్యూజు దానికి కరగదు. మోటారు తొడుగు ప్రాణాంతకముగనే నిలిచియుండును; చూచువారికి ఏ సూచనయు కనబడదు. వేసవిలో నేల ఎండినకొలది నిరోధము ఇంకను హెచ్చును. కడ్డీని చూచి కలుగు ధైర్యమే ఇచ్చట అపాయకరము.

కావున ఎర్తుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక ఉండవలెను. పోవు విద్యుత్తునకును తిరిగివచ్చు విద్యుత్తునకును ఆ స్వల్పభేదము కలిగినంతనే అది సరఫరాను ఆపివేయును. దాని టెస్టు మీటను నెలకొకమారు నొక్కి చూడవలెను.

ఎర్తు కొరకు రెండున్నర మీటర్ల పొడవైన గాల్వనైజ్డ్ ఇనుప గొట్టమును, గోడకు ఒకటిన్నర మీటరు ఎడముగా, తేమ నిలుచు చోట పాతవలెను. అందుండి పచ్చతీగ ఎచ్చటను తెగక మోటారు తొడుగును చేరవలెను. ఇంటినుండి వచ్చు కేబులును వెదురు గుంజలపై లాగరాదు. గాలికి ఒరసి పైపొర చిరుగును. గొట్టములో నుంచి భూమి క్రిందుగా తేవలెను. ఈ పనినంతయు లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే చేయించవలెను.

ఎవరికైనను షాకు తగిలినచో చేతితో పట్టి లాగరాదు. ముందు మెయిన్ స్విచ్చి ఆపవలెను. అది దూరమైనచో పొడినేలపై నిలిచి, పొడికర్రతో తీగను తొలగించి, 108కి ఫోను చేయవలెను. శ్వాస ఆడనిచో సహాయము వచ్చువరకు ఛాతీ నడుమ బలముగా, వడిగా నొక్కుచుండవలెను.