పోటీ పరీక్షల ప్రత్యేకం: రెండు పెట్టెల చిక్కు

మీ ముందు రెండు పెట్టెలు. గాజుపెట్టెలో 1,000 డాలర్లు కనిపిస్తున్నాయి. మూసిన పెట్టెలో 10 లక్షల డాలర్లు ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. రెండూ తీసుకోవచ్చు, లేదా మూసినదొక్కటే. మీ ఎంపికను ముందే పసిగట్టగల ఒక మేధావి, మీరు మూసినదొక్కటే తీసుకుంటారనిపిస్తే అందులో సొమ్ము పెట్టేశాడు. రెండూ తీసుకుంటారనిపిస్తే ఖాళీగా వదిలేశాడు.

ఇదే న్యూకోంబ్ సమస్య. 1960లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త విలియం న్యూకోంబ్‌కు తట్టింది. 1969లో రాబర్ట్ నోజిక్ వ్యాసంతో తత్వవేత్తల చర్చకెక్కింది. ఈ రెండు పేర్లూ తారుమారు చేసుకోవద్దు.

అంచనా 90 శాతం నిజమవుతుందనుకుందాం. మూసినదొక్కటే తీసుకుంటే సగటున 9 లక్షలు. రెండూ అయితే 1,01,000. లెక్క తేలిపోయినట్టే ఉంది. కానీ సొమ్ము పెట్టడమో మానడమో ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు మీరేం చేసినా లోపలిది మారదు. మరి కళ్లెదుటి వెయ్యిని ఎందుకు వదలాలి? ఈ రెండు వాదనల్లో మొదటిది సాక్ష్యాధారిత నిర్ణయ సిద్ధాంతం, రెండోది కారణాధారిత నిర్ణయ సిద్ధాంతం. తర్కంలో రెండోదే గట్టిదనిపిస్తుంది. చిక్కేమిటంటే, దాన్ని నమ్మినవాళ్లే ఎక్కువగా వెయ్యితో ఇంటికెళ్తారు!

తరచూ జతపరచమనే మరికొన్ని: ట్రాలీ సమస్య - ఫిలిప్పా ఫుట్, 1967. చైనీస్ గది - జాన్ సర్ల్, 1980. అనుకరణ ఆట - అలన్ ట్యూరింగ్, 1950, ‘మైండ్’ పత్రిక. ఖైదీల సందిగ్ధాన్ని 1950లో రూపొందించింది ఫ్లడ్, డ్రెషర్; ఆ పేరు పెట్టింది మాత్రం ఆల్బర్ట్ టక్కర్.