ఒక చెట్టుతో ఏడాది చుట్టరికం

సామర్లకోట

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నీ దగ్గరున్న పది రోజులూ నన్ను ఎంతో అపురూపంగా చూసుకున్నావు. కానీ రైలెక్కినప్పటి నుంచీ నాకు నీ గురించే ఆలోచన. పొద్దున్న తొమ్మిదింటికి క్యాబ్ ఎక్కితే మళ్లీ రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరవు. పగలు వాన పడిందో లేదో కూడా నన్నడిగి తెలుసుకునేదానివి. మీ బాల్కనీలోంచి కనబడే ఆ పచ్చదనం ఏమిటని అడిగితే, "బొటానికల్ గార్డెన్ పెదనాన్నా, రోజూ దాని ముందు నుంచే వెళ్తాను" అన్నావు. కొండాపూర్‌కి వచ్చి మూడేళ్లయినా ఒక్కసారీ లోపల అడుగుపెట్టలేదట. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ఆఫీసుకి వెళ్లాక నేను రోజూ అక్కడికే వెళ్లాను. దాని పూర్తి పేరు కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్. కొత్తగూడ రిజర్వు ఫారెస్టు 274 ఎకరాలు, ఈ తోట అందులోదే. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టలు ఎన్నో పగిలిపోయి మేడలు లేచాయి. తోటలో మాత్రం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు ఇంకా ఉన్నాయి. గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఒంటికి చల్లదనం తెలుస్తుంది. అది నీడ ఒక్కదాని వల్లే కాదు. వేర్లు తాగిన నీరు ఆకుల సన్నని రంధ్రాల్లోంచి ఆవిరవుతూ గాలిలో వేడిని లాగేస్తుంది.

లోపలికి వెళ్తే వెదుళ్ల దగ్గర ఆగు. నేను వెళ్లిన మొదటిరోజు అక్కడ ఒక పొద అంచున కొమ్ము ఒకటి నేల చీల్చుకుని లేస్తోంది. నా మణికట్టంత లావు, మోకాలెత్తు. ఒంటి నిండా గోధుమరంగు పొరలు, వాటి మీద గుచ్చుకునే నూగు. నేను బయల్దేరేనాటికి నా తల దాటేసింది, లావు మాత్రం అంతే ఉంది. వెదురు నేలలోంచి వచ్చేటప్పుడే పూర్తి లావుతో వస్తుంది. ఆ తర్వాత కణుపుల మధ్య భాగాలు సాగి పొడవు పెరగడమే. అందుకు కావలసిన బలాన్ని నేల కింది దుంపా, పక్కనున్న పెద్ద వెదుళ్లూ అందిస్తాయి.

ఈ సంగతి క్లాసులో ముప్ఫై ఏళ్లు చెప్పాను. కానీ ఒకే కొమ్మును పది రోజులు వరసగా చూడడం ఇదే మొదటిసారి. పిల్లల చేత లాటిన్ పేర్లు కంఠతా పట్టించాను గానీ, ఒక్క చెట్టు దగ్గర వాళ్లను ఏడాది పాటు నిలబెట్టలేదు. ఆ వెలితి ఇప్పుడు బాధిస్తోంది. నువ్వైనా ఆ పని చెయ్యి.

తోటంతా ఒక్కరోజులో చుట్టిరావాలనుకోకు. ఒక్క చెట్టును ఎంచుకో. కానుగ అయితే వేసవి మొదట్లో పాత ఆకు రాల్చి కొద్దిరోజుల్లోనే మెరిసే లేతాకు తొడుగుతుంది. రేల అయితే ఎండలు ముదిరాక పసుపు గుత్తులు వేలాడేస్తుంది. మోదుగ అయితే ఆకంతా వదిలేసి ఎర్రగా పూస్తుంది. నెలకొక్కసారి వెళ్లి పావుగంట దాని దగ్గర కూర్చో. చిగురు, మొగ్గ, పూత, పిందె, కాయ, ఏది కనబడితే అది తేదీ వేసి రాసుకో. ఆకు కావాలంటే రాలినదే తీసుకో. అక్కడ ఊడ్చేవాళ్లతో, మాలీలతో మాట్లాడు. బోర్డు మీద లేని సంగతులు వాళ్లకి తెలిసి ఉంటాయి.

చెట్టు పేరు తెలుగులో నేర్చుకో తల్లీ. మన సామర్లకోటలోనే 1780ల్లో కుంఫిణీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ తోట వేశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లేలోగా ఇక్కడి మొక్కలకు స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. మనవాళ్లు చెప్పిన తెలుగు పేర్లను అడిగి రాసుకున్నాడు. జ్వరానికి వాడే సోమిద చెట్టుకు సోయ్‌మిడా అన్న శాస్త్రీయ నామం మన పేరు నుంచే వచ్చింది. ఎక్కణ్నుంచో వచ్చినవాడు అడిగి నేర్చుకున్న పేర్లు మనింటి పిల్లకు తెలియకపోతే ఎలా?

2025లో మీ పక్కనే కంచ గచ్చిబౌలిలో చెట్లు కొడుతుంటే యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు, సుప్రీంకోర్టు ఆపించింది. ఆ పిల్లలు రోజూ ఆ చెట్ల మధ్య తిరిగినవాళ్లు. చుట్టరికం ఉంటేనే మనిషి అడ్డం నిలబడతాడు.

ఉగాదికి మళ్లీ వస్తాను. అప్పుడు తోటకు నువ్వే నన్ను తీసుకెళ్లాలి. నీ చెట్టును చూపించి, ఈ ఆరేడు నెలల్లో అది ఏమేం చేసిందో నాకు చెప్పాలి.

వేళకి తిను.

ఇట్లు
నీ పెదనాన్న