పేగు బాగుంటేనే తిండి ఒంటబడుతుంది

"బిడ్డ తింటానే ఉంది. ఒంటికి పట్టడం లేదు." కర్నూలు, కడప పల్లెల్లో తల్లులు ఈ మాట అంటుంటారు. ఎందుకు పట్టదు?

తిండిలో జింకు అనే ఖనిజం ఉంటుంది. కావలసింది కొంచెమే. కానీ అది లేకపోతే బిడ్డ ఎదగదు. రోగాన్ని తట్టుకోలేదు. తిండిలోని జింకును చిన్నపేగు పీల్చుకుంటుంది.

ఎండాకాలంలో బోర్లు ఎండుతాయి. బిందెల్లో నీళ్ళు నిలవ ఉంటాయి. అందులో చెయ్యి ముంచితే మురికి కలుస్తుంది. ఆ నీళ్ళు తాగిన బిడ్డకు బేదులవుతాయి. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. జింకు సరిగా పట్టదు. ఉన్నది కూడా బేదులతో పోతుంది. జింకు తగ్గితే పేగు త్వరగా మానదు. మళ్ళీ బేదులు! గానుగెద్దు తిరిగినట్లే.

రాగి సంగటి, జొన్నరొట్టె మంచి తిండే. అయితే గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం జింకును పట్టి ఉంచుతుంది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఆ పట్టు సడలుతుంది. గుడ్డు కూడా పెట్టాలి.

బేదులైతే ఏం చేయాలి?

ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాపాలి. తల్లిపాలు, తిండి మానరాదు. ఆశా కార్యకర్తను అడిగి జింకు బిళ్ళలు తీసుకోవాలి. 6 నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి. చెంచాడు కాచి చల్లార్చిన నీళ్ళలో కరిగించి తాపాలి. మూడో రోజే బేదులు కట్టినా ఆపకూడదు. 14 రోజులూ వేయాలి. పేగు మానేది అప్పుడే.

బేదుల్లో రక్తం పడినా, కళ్ళు గుంటలు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చర్చించండి:
1. మీ ఇంట్లో బిందెలోంచి నీళ్ళు ఎలా తీస్తారు?
2. బేదులు కట్టినాక కూడా బిళ్ళ ఎందుకు వేయాలి?