ప్రశ్న బాబుకి, జవాబు నాన్నది

పేరెంట్స్ మీటింగ్‌లో మేం తరచుగా చూసే దృశ్యం ఇది. తొమ్మిదో తరగతి బాబును టీచర్ "నీకు ఏ సబ్జెక్టు ఇష్టం?" అని అడుగుతారు. బాబు నోరు విప్పేలోపే పక్క కుర్చీలోంచి "మ్యాథ్సే మేడమ్, కాస్త అశ్రద్ధ, అంతే" అని జవాబు వచ్చేస్తుంది. బాబు తల ఊపుతాడు. ఆ నాన్నగారు ఆఫీసుకు సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. ఆయన ప్రేమను శంకించడానికేమీ లేదు. అయినా, ఆ బాబుకు ఏది ఇష్టమో మాకు తెలియకుండానే మీటింగ్ ముగుస్తుంది.

2006లో భాస్కర్ తీసిన 'బొమ్మరిల్లు' మీలో చాలామంది చూసే ఉంటారు. తప్పటడుగులు వేసే పిల్లవాడిని సముద్రపు ఒడ్డున నాన్న పట్టుకుని నడిపించడంతో సినిమా మొదలవుతుంది. పసితనంలో చెయ్యి పట్టుకోవడం సరే, 24 ఏళ్లు వచ్చాక కూడా పట్టుకోవాలా అన్నదే అక్కడి ప్రశ్న. కొడుకు ప్రేమకు అడ్డుపడే నాన్నను విలన్‌ని చేయడం మన సినిమాలకు అలవాటే. ప్రకాష్‌రాజ్ పోషించిన అరవింద్ అలాంటివాడు కాదు. కొడుకు అడిగినదానికంటే ఎక్కువే ఇస్తాడు. బట్టల దగ్గర్నుంచి హెయిర్‌స్టైల్ దాకా ఎంపిక మాత్రం ఆయనదే. సిద్ధు ఎదురు చెప్పడు. ఇంట్లో ఒకలా, బయట ఒకలా బతకడం నేర్చుకుంటాడు. మాకు భయం వేసేది ఇక్కడే. ఎదురు చెప్పని పిల్లల్ని చూసి "మావాడు చాలా బుద్ధిమంతుడు" అని మురిసిపోతుంటాం కదా!

క్లైమాక్స్‌లో సిద్ధు అన్నేళ్ల మాటలూ ఒక్కసారిగా బయటపెడతాడు. ఈసారి ఆ సన్నివేశంలో కొడుకును కాక నాన్నను గమనించండి. అంతవరకూ ప్రతి విషయంలో తీర్పు చెప్పిన మనిషి అప్పుడు వింటాడు.

మూడేళ్ల తర్వాత రాధామోహన్ 'ఆకాశమంత'లో అదే నటుడు మరో నాన్నగా కనిపించారు. కూతురు చదువుకోవడానికి ఢిల్లీ వెళ్తానంటే ఆయన ప్రాణం ఒప్పుకోదు. ఆమె ఓ సిక్కు యువకుడిని ఇష్టపడిందని తెలిసినప్పుడూ అంతే. పిల్లల కంటే నాన్న ఎదగడానికే ఎక్కువ సమయం పడుతుందని ఆ కథ నవ్విస్తూనే చూపిస్తుంది.

సినిమాలో మార్పుకు ఒక్క సన్నివేశం చాలు. ఇంట్లో అలా కుదరదు. మనకు దొరికేది బస్ పాయింట్ దగ్గర అయిదు నిమిషాలు, రాత్రి అన్నం దగ్గర పావుగంట. ఆ కాస్త సమయమూ "మార్కులెన్ని? ఫస్ట్ ఎవరికొచ్చింది?" అన్నదాంట్లోనే అయిపోతుంది. ఇందులో మా వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి. మేం ఇంటికి పంపే ప్రోగ్రెస్ కార్డులో మార్కులే ముందు కనిపిస్తాయి.

పదో తరగతి పిల్లల ఇళ్లలో ఇంటర్ గ్రూపు గురించి చర్చ మొదలయ్యే ఉంటుంది. ఎంపీసీయా, బైపీసీయా, ఎంఈసీయా అన్నది తేల్చే ముందు, ఒక ఆదివారం పిల్లలతో కలిసి 'బొమ్మరిల్లు' చూడండి. "మన ఇంట్లో నేను నీ తరఫున ఏమేం నిర్ణయించేశాను?" అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. "ఏమీ లేదు నాన్నా" అనే అవకాశమే ఎక్కువ. ఆ రోజుకి వదిలేసి, మరో రోజు మళ్లీ అడగండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మొదటి అయిదు నిమిషాలు పిల్లలే మాట్లాడతారు. నాన్నగారూ, ఆ కాసేపు మీరు మా పక్కన కూర్చోండి.