శిశువైద్యుడు – తల్లి చేతి మందు

వైద్యవిద్యను ఆశించే విద్యార్థులకు ఒక శిశువైద్యుని జీవితాన్ని పాఠంగా చెప్పదలచాము.

డాక్టర్ దిలీప్ మహలనబిస్ 1934లో అవిభక్త బెంగాలులో జన్మించారు. 1958లో కలకత్తా వైద్య కళాశాల పట్టభద్రులై, ఇంగ్లండులో శిశువైద్యం అభ్యసించారు. అక్కడే స్థిరపడక స్వదేశానికి తిరిగివచ్చి, అతిసారంపై పరిశోధన చేపట్టారు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకొనవచ్చాయి. అప్పుడాయన గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువులకే ఇచ్చి త్రాగించారు. గ్లూకోజు తోడైతే ప్రేగులు ఉప్పును, దానితోపాటు నీటిని రక్తంలోకి గ్రహిస్తాయి. నూటికి ముప్పది దాకా ఉన్న మరణాలు నాలుగుకు లోపయ్యాయి.

నల్లమలలోని మన అమ్రాబాదు ప్రాంతపు చెంచు పెంటలలో, విరేచనాలతో సోలిన బిడ్డకు ఆసుపత్రి చేరేలోపు గడియలే గండం. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి కలిపి, కొద్దికొద్దిగా త్రాగిస్తూ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

2022లో కీర్తిశేషులైన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. వైద్యుని విద్య తల్లి చేతికి అందినప్పుడే సార్థకమని మా విశ్వాసం. డాక్టర్లు కాగోరే మన విద్యార్థులు దీనిని మరువరాదు.