సొంత వ్యాపారమునకు జనులు పూనుకొనుట యేల?

ఒకనాడు తరగతిలో, "చదువు ముగిసిన పిమ్మట మీరేమి చేయుదురు?" అని యడిగితిని. పెక్కుమంది ఉద్యోగముల పేర్లు చెప్పిరి. వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "నేను సొంతముగా సైకిళ్లు బాగుచేయు దుకాణము పెట్టుదునండి" అనెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆ నవ్వు తరువాత నన్ను మిక్కిలి బాధించినది. ఆ బాలునికి నేనీయవలసిన సమాధానమే యీ వ్యాసము.

జనులు వ్యాపారమునకు దిగుట ధనాశచేతనే యని లోకులందురు. ధనాపేక్ష లేదనరాదు. కాని యదియొక్కటే కారణమైనచో, నెలనెలకు నిశ్చయముగా వచ్చు జీతమును విడిచి, లాభనష్టములు తెలియని మార్గమున నడుగుపెట్టువారుందురా? వారిని పురికొల్పు కారణములు మరి మూడు కలవు.

మొదటిది అవసరము. 1959వ సంవత్సరమున బొంబాయి నగరములో ఏడుగురు గుజరాతీ స్త్రీలు 80 రూపాయలు అప్పుచేసి అప్పడములు చేయ నారంభించిరి. సంసారమునకు తోడుపడవలెనని వారి కోరిక. చేత నున్న విద్య వంట యొక్కటే. తొలిదినమున తయారైనవి నాలుగు పొట్లములు మాత్రమే. అదియే నేడు లిజ్జత్ అను పేర వేలకొలది స్త్రీలకు జీవనాధారమైన సంస్థ. అందు పనిచేయు స్త్రీలే దానికి యజమానురాండ్రు.

రెండవది ఇతరుల కొరతను కనిపెట్టు చూపు. కృష్ణా మండలమున ఎలకుర్రు గ్రామమున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. కొంతకాలము ఒరులయొద్ద పనిచేసి, 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. తలనొప్పి బీదకును ధనికునకును సమానమే గదా! సంగీతసభలలో ఆ మందును ఉచితముగా పంచిపెట్టి, దాని గుణమును జనులే తెలిసికొనునట్లు చేసిరి.

మూడవది ధనముకంటె గొప్పదైన ఆశయము. పంతులుగారు 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో మద్రాసున దానిని దినపత్రికగా నడిపిరి. 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించిరి. మందు అమ్మగా వచ్చిన సొమ్ము తెలుగు భాషకు ఎరువైనది.

మరి మనలను వెనుకకు లాగునదేమి? భయము. మత్తయి సువార్త 25వ అధ్యాయమున ఒక్క తలాంతు పొందిన దాసుని కథ మీరెరుగుదురు. వాడు ఆ ధనమును దుర్వ్యయము చేయలేదు, దొంగిలింపలేదు, భయపడి భూమిలో దాచెను. అదియే వాని నేరము.

అయినను, తెగువ యొక్కటే చాలదు. తెరచిన దుకాణము లన్నియు నిలువవు. పని బాగుగ నేర్వక మునుపే పెట్టుబడి పెట్టరాదు. తీర్చగల మేరకు మించి అప్పు చేయరాదు. ప్రతి దినము జమాఖర్చులు వ్రాయవలెను. తూకమునందును మాటయందును సత్యము తప్పరాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ యిట్టి కోరిక చెప్పినపుడు నావలె నవ్వకుడు. "ఎవరికి ఉపయోగము? ఎంత ఖర్చు? ఎవరియొద్ద నేర్చుకొందువు?" అని యడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే వానికి మొదటి పాఠము.

ఆ దినమున నేను చెప్పవలసియుండిన మాట యిది: "మంచి ఆలోచన, నాయనా! కూర్చుండుము. నేటినుండి లెక్కలు మరింత శ్రద్ధగా నేర్చుకొనుము."