చీమల పచ్చడి తింటారా, అమ్మాయిలూ?

ఏమ్మా, సెలవులకి మళ్లీ అరకేనా? వద్దనను. కానీ ఈసారి అరకులో రైలు దిగకండి. పొద్దున్నే విశాఖలో ఎక్కిన ఆ కిరండూల్ పాసింజర్లోనే కూర్చోండి. సొరంగాలన్నీ దాటించి సాయంత్రానికి జగదల్‌పూర్‌లో దింపుతుంది. అదే బస్తర్. హైదరాబాద్ వైపు వాళ్లకైతే భద్రాచలం మీదుగా రోడ్డు ఉండనే ఉంది.

"అడవిలో ఏముంటుందక్కా?" అంటారు కదూ! మన కథే ఉందమ్మా. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటొచ్చి రాజ్యం నిలబెట్టుకున్నాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. ఆయన ముందు నడుస్తుంటే వెనకాల దంతేశ్వరి అమ్మవారు వస్తోందట. తిరిగి చూడకూడదని షరతు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో అమ్మవారి అందెల చప్పుడు ఆగిపోయింది. ఈయన ఉండబట్టలేక తిరిగి చూశాడు. అంతే, ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఆ ఊరే దంతేవాడ.

ఆ గుడికి వెళ్లేటప్పుడు మీ ఆయన సంచిలో ఒక పంచె పెట్టండి. మగవాళ్లని ప్యాంటుతో లోపలికి వెళ్లనివ్వరు. గుడి ముందున్న గరుడ స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాచి స్తంభాన్ని చుట్టాలి. వేళ్లు కలిస్తే కోరిక తీరినట్టే. కలవని వాళ్ల కోసం పక్కనున్న పెద్దావిడెవరో చెరో చెయ్యీ పట్టుకుని లాగుతుంది, ఆ కోరికేదో తనదే అయినట్టు!

నన్ను కట్టిపడేసింది మాత్రం బారసూర్. పదకొండో శతాబ్దంలో ఛిందక నాగవంశపు రాజులు ఏలిన ఊరు. వాళ్ల సామంతుడు చంద్రాదిత్యుడు తెలుగు చోడుడు. ఇక్కడ శివాలయం కట్టించి, చెరువు తవ్వించి, 1060లో తెలుగులోనే శాసనం వేయించాడు. ఇక్కడి బత్తీసా గుడికి ముప్ఫై రెండు స్తంభాలు. రెండు గర్భగుళ్లు, రెండింట్లోనూ శివుడే, ఇద్దరికీ కలిపి ఒకటే మండపం. ఎండన పడి వచ్చి ఆ రాతినేల మీద చతికిలబడితే లేవబుద్ధి కాదు. కాస్త అవతల ఇసుకరాతి వినాయకులిద్దరు పక్కపక్కనే కూర్చుని ఉంటారు, ఒకాయన పెద్ద, ఒకాయన చిన్న.

సరే, దేవుళ్లయ్యారు. ఇక తిండి సంగతి. ఏ ఊళ్లో ఏ రోజు సంతో మీరు దిగిన చోట అడిగి, పొద్దున్నే వెళ్లండి. ఆకుదొన్నెల్లో ఎర్రచీమలు, వాటి తెల్లటి గుడ్లు పోసి అమ్ముతుంటారు. మన మామిడితోటల్లో ఆకులు కలిపి గూడు కట్టి, చెట్టెక్కిన వాణ్ణి కుట్టి దింపుతాయే, అవే చీమలు. ఉప్పు, మిరపకాయలు, అల్లం, వెల్లుల్లి వేసి రాతి మీద నూరితే 'చాపడా' పచ్చడి. నాలుక మీద పెట్టగానే ముందు పులుపు తగులుతుంది, నిమ్మకాయ పిండినంత చురుగ్గా. వెనకాలే కారం. ఆ పులుపు చీమలో ఉండే ఫార్మిక్ ఆమ్లానిది. పక్క రాష్ట్రం ఒడిశాలో మయూర్‌భంజ్ వాళ్ల చీమల పచ్చడికైతే 2024లో జీఐ గుర్తింపు కూడా దక్కింది.

మా గుంపులో ఒకమ్మాయి ఫోను పైకెత్తి, "ఛీ, చీమలు!" అంటూ వీడియో తీసింది. అమ్మే ఆవిడకి తెలుగు రాదు. అయినా ఈ పిల్ల మొహం చూస్తే చాలదూ? మాట్లాడకుండా దొన్నెల మీద గుడ్డ కప్పేసింది. మనింట్లో ఎండుచేపలు వేయిస్తుంటే మేడమీద వాళ్లు దబదబా కిటికీలు మూసుకుంటే మనకెంత చివుక్కుమంటుంది! ఇదే పిల్ల ముందురోజు బారసూర్లో చెప్పులు విడిచి, ప్రతి స్తంభానికీ దండం పెట్టింది. రాయి పాతదనేగా ఆ మర్యాద? పచ్చడి నూరే పనితనానికి శాసనం వేయించిన రాజు లేడు. అమ్మ చేతిలోంచి కూతురి చేతిలోకి వచ్చిందంతే. రాసిపెట్టలేదు కాబట్టి గౌరవం తగ్గించేద్దామా?

అందుకని పందెం కట్టి తినకండి, వీడియో కోసం అసలే వద్దు. గోరంత తీసుకుని అన్నంలో కలుపుకోండి. చీమ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లు, రొయ్యలు పడనివాళ్లు దాని జోలికి పోవద్దు. ఇక తాగడానికి దొరికే 'సల్ఫీ' అంటే మన ఏజెన్సీలో దొరికే జీలుగు కల్లే. పొద్దుటిది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి తలకెక్కుతుంది. చీకటిపడేలోగా బసకి చేరిపోండి.

"మేం శాకాహారులం అక్కా" అంటారా? మీకేం తక్కువ! 'మాండియా పేజ్' అంటే రాగి అంబలి. ఎండిన సొరబుర్రలో పోసుకుని పొలాలకి మోసుకెళ్తారు. వానాకాలంలో వెదురు కొమ్ముల కూర ఉంటుంది. తొలివానలకి సాల చెట్ల కింద మొలిచే 'బోడా' పుట్టగొడుగులు మాంసం కంటే ఖరీదు. ఇప్పపువ్వు లడ్డూలు ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు.

ఏదీ సహించదా? తినకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. రుచికి చిటికెడు చేతిలో పెట్టబోతే దండం పెట్టి, నవ్వుతూ "నాకు అలవాటు లేదమ్మా" అనండి. భాష తెలియకపోయినా ఆ మాట అర్థమవుతుంది. ఆమె దగ్గరే ఇంత చింతపండో, నాలుగు మిరపకాయలో కొనుక్కోండి. బేరం మాత్రం ఆడకండే!